ఓట్ల వేళ పొరుగు నీళ్లలో వేట

2018 జూలై 25. శ్రీకాకుళంలో మా జిరాక్స్ షాపు ముందు ఎచ్చెర్ల మండలం వైపు నుంచి వచ్చిన నలుగురు నిలబడ్డారు. భుజాలకు బ్యాగులు, చేతుల్లో పాలిథిన్ కవర్లు, వాటిలో మడతలు పడి నలిగిన ఆధార్ కార్డులు. ఏటా ఈ రోజుల్లో వచ్చేవాళ్లే. పడమటి తీరంలో వేట నిషేధం జూలై 31తో ముగుస్తుంది. ఆలోగా గుజరాత్‌లోని వెరావల్ చేరుకోవాలి. వాళ్లలో పెద్దాయన పక్క హోటల్ నుంచి తెచ్చుకున్న టీ తాగుతూ గోడ మీది టీవీ వంక చూశాడు. పాకిస్తాన్‌లో పోలింగ్ జరుగుతోందని చూపిస్తున్నారు.

"ఆ దేశంలో ఓట్లంట గదా బాబూ. ఈపాలి ఏటకెల్తే ఏటైనా ఇబ్బందేటి?"

"ఓట్లకీ చేపలకీ ఏటి సంబంధం తాతా" అని నవ్వేశాను.

నాలుగు నెలల తర్వాత, నవంబరు చివర్లో, వెరావల్ నుంచి వేటకెళ్లిన మన వాళ్లు ఇరవైమందికి పైగా పాకిస్తాన్ గస్తీ ఓడలకు చిక్కారు. ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లే. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం పేరు రాష్ట్రమంతా అప్పుడే విన్నది. మా షాపుకు వచ్చిన తాత వాళ్లలో లేడు. ఆయన ఎక్కిన బోటు వేరు, వేసవికి క్షేమంగా ఇంటికొచ్చాడు. కానీ ఆయన అడిగినదానికి సరైన జవాబు దొరకడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. సగం పేపర్లు చదివి, సగం షాపుకొచ్చే వాళ్లను అడిగి తెలుసుకున్నాను. నాకు అర్థమైంది ఒక్క ముక్కలో చెప్పాలంటే, సరిహద్దు నీళ్లలో మనిషి పట్టుబడేది చేపల క్యాలెండర్ ప్రకారం, విడుదలయ్యేది రాజకీయాల క్యాలెండర్ ప్రకారం. ఈ రెండింటినీ ఒకటే అనుకోబట్టే ఇంత గందరగోళం.

గీత ఎక్కడుంది

తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు ఆ దేశపు సొంత జలాలు. ఒక నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి 200 మైళ్ల వరకు ప్రత్యేక ఆర్థిక మండలి అంటారు. అందులో ఎవరి ఓడైనా ప్రయాణం చేయొచ్చు గానీ చేపలు పట్టే హక్కు మాత్రం ఆ తీరం ఉన్న దేశానిదే. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందం చెప్పేది ఇదే. రెండు దేశాల తీరాలు పక్కపక్కనే ఉంటే మధ్యలో ఎక్కడో ఒక గీత గీసుకోవాలి.

గుజరాత్ దగ్గర వచ్చిన చిక్కల్లా ఆ గీత ఇంతవరకూ తేలకపోవడమే. కచ్ రణ్‌లో సర్ క్రీక్ అని 96 కిలోమీటర్ల ఉప్పుటేరు ఉంది. సరిహద్దు ఏరు నడిమధ్య నుంచి పోతుందని మనం అంటాం, తూర్పు గట్టు వెంబడి పోతుందని పాకిస్తాన్ అంటుంది. 1914లో బొంబాయి ప్రభుత్వం చేసిన తీర్మానం, దానికి జతచేసిన పటం చుట్టూనే ఈ వాదన ఇన్నేళ్లుగా తిరుగుతోంది. నేల మీది హద్దు ఎక్కడ ఆగుతుందో తెలిస్తేనే సముద్రంలో గీత ఎక్కడ మొదలవ్వాలో తేలుతుంది. గట్టు తగవు తెగకుండా చేలో రాయి పాతమంటే ఎవరు పాతుతారు?

మరి అంత తగవున్న చోటికి ఎందుకు పోతారంటే, చేప అక్కడుంది కాబట్టి. సింధు నది సముద్రంలో కలిసే ప్రాంతానికి కచ్ తీరం దగ్గర. నది మోసుకొచ్చే మేత వల్ల ఆ నీళ్లలో చేప దండిగా ఉంటుంది. గీతకు ఇవతల కొంత మేర అసలు వేటే చేయకూడదని మన వాళ్లే ఒక నో ఫిషింగ్ జోన్ పెట్టుకున్నారు. దాని అంచు దాకా బోట్లు వెళ్తూనే ఉంటాయి.

అంచు మీద ఉన్నప్పుడు ఎంత తేడాలో ఎంత జరుగుతుందో చూడండి. జీపీఎస్ తెర మీద అక్షాంశం డిగ్రీల్లో, నిమిషాల్లో కనిపిస్తుంది. ఒక నిమిషం తేడా అంటే ఒక నాటికల్ మైలు. ట్రాల్ వల వేసి గంటకు మూడు మైళ్ల చొప్పున మూడు గంటలు లాగితే తొమ్మిది మైళ్లు జరిగిపోయినట్టే. వల నిండుగా ఉన్నప్పుడు బోటును చటుక్కున వెనక్కి తిప్పలేరు. సాయంత్రం ఇంజను ఆగిపోయిందనుకోండి. నీటి వాలు గంటకు రెండు మైళ్లున్నా, ఆరు గంటల్లో పన్నెండు మైళ్లు, అంటే 22 కిలోమీటర్లు కొట్టుకుపోతుంది. తెల్లారేసరికి ఎవరి నీళ్లలో ఉన్నదీ తెర వైపు చూసిన తండేల్‌కే తెలుస్తుంది. గుజరాత్ తీరంలో బోటు నడిపేవాణ్ణి తండేల్ అంటారు. మిగతా కలాసీలు వల లాగడం, చేప ఏరడం, ఐసు కొట్టడంలో ఉంటారు. దారి ఎటన్నది తండేల్ చెప్పాలి, ఎంత సరుకు తేవాలన్నది ఒడ్డున ఉన్న యజమాని చెప్పాలి. జైలుకు పోయేటప్పుడు మాత్రం అందరూ కలిసే పోతారు.

పదమూడు నెలలు

2018లో పట్టుబడ్డవాళ్ల సంగతి తేదీలతో సహా చెప్పుకోవాలి. ఎన్నికలు అడ్డుపడ్డాయా, సాయపడ్డాయా అన్నది ఆ తేదీల్లోనే ఉంది.

నవంబరు చివర్లో పట్టుబడ్డారు. కరాచీ తీసుకెళ్లి, కోర్టులో హాజరుపరిచి, మలీర్ జైల్లో పెట్టారు. మన దగ్గర సార్వత్రిక ఎన్నికలకు ఇంకా నాలుగైదు నెలలుంది. 2019 ఫిబ్రవరి 14న పుల్వామా దాడి జరిగింది. 26న బాలాకోట్ మీద మన విమానాలు బాంబులు వేశాయి. రెండు దేశాల్లోనూ టీవీలు యుద్ధం వచ్చేసిందన్నట్టే మాట్లాడాయి. మార్చి 10న మన ఎన్నికల షెడ్యూల్ వచ్చింది. ప్రచారమంతా పాకిస్తాన్ చుట్టూనే తిరిగింది. మత్స్యలేశంలో భర్తల కోసం ఎదురుచూస్తున్న ఆడవాళ్లు ఆ టీవీలే చూశారు.

సరిగ్గా ఆ వేడిలో, ఏప్రిల్ మొదటివారంలో, పాకిస్తాన్ 360 మంది భారతీయ ఖైదీలను వదిలేస్తామని ప్రకటించింది. వాళ్లలో 355 మంది మత్స్యకారులు. నాలుగు విడతల్లో పంపుతామంది. మొదటి వందమంది వాఘా దగ్గర ఇటు అడుగుపెట్టేనాటికి మన రాష్ట్రంలో పోలింగ్‌కు మూడు రోజులే ఉంది. మన పోలింగ్ ఏప్రిల్ 11న. ఆ విడుదల ప్రపంచానికి, మన ఓటర్లకు కూడా, ఏదో చెప్పడానికి చేసిందేనని నా అభిప్రాయం. యుద్ధ వాతావరణంలో మేం మంచివాళ్లం అనిపించుకోవడానికి జైల్లో ఉన్న జాలర్ల కంటే తేలికైన సాధనం ఏ ప్రభుత్వానికీ దొరకదు.

ఆ 360 మందిలో మన వాళ్లు లేరు.

ఇక్కడే ఊళ్లో చాలామంది గుండె చెరువైంది. "మనోల్లని మర్సిపోనారు" అన్నారు. మరిచిపోవడం కాదది, వరస. విడుదల జాబితాలో పేరు చేరాలంటే ముందు రెండు పనులు అవ్వాలి. ఇతను భారతీయుడేనని మన ప్రభుత్వం రాసివ్వాలి, అక్కడి కోర్టు వేసిన శిక్ష పూర్తవ్వాలి. నాలుగైదు నెలల కిందట పట్టుబడ్డవాళ్ల కాగితాలు ఏళ్ల తరబడి ఉన్నవాళ్ల కాగితాల వెనకే ఉంటాయి. ఎన్నికలు తలుపు తీశాయి. తలుపు దగ్గర నిలబడి ఉన్నవాళ్లే బయటికి వచ్చారు.

మేలో ఫలితాలొచ్చాయి. రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. ఆగస్టు 5న ఆర్టికల్ 370 రద్దయింది. పాకిస్తాన్ మన హైకమిషనర్‌ను పంపించేసి, వ్యాపారం ఆపేసింది. తలుపు మళ్లీ మూసుకుందనే అనుకున్నారంతా. చివరికి 2020 జనవరి 6న 20 మంది వాఘా దాటి వచ్చారు. అప్పటి రాష్ట్ర మత్స్యశాఖ మంత్రి మోపిదేవి వెంకటరమణ సరిహద్దు దాకా వెళ్లి తీసుకొచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం ఒక్కొక్కరికి ఐదేసి లక్షలు ఇచ్చింది. ఇద్దరు మాత్రం కాగితాల పని తేలక ఆ రోజుకు అక్కడే ఆగిపోయారు. అందరికీ ఆ ఇరవైమంది గుర్తుంటారు. నాకు ఆ ఇద్దరే ఎక్కువ గుర్తొస్తారు. ఎందుకో కిందికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

రెండు క్యాలెండర్లు

పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14. రెండూ 61 రోజులే. పట్టుబడటాలు ఈ తేదీలనే అనుసరిస్తాయి. బోట్లన్నీ రేవులో ఉన్న జూన్, జూలై నెలల్లో పట్టుబడటానికి సముద్రంలో ఎవరుంటారు? పైగా మన లోక్‌సభ ఎన్నికలు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. అప్పటికి గుజరాత్ సీజన్ తోకకు వచ్చి, మన వాళ్లు సగంమంది ఇంటిదారి పట్టి ఉంటారు. కాబట్టి "ఓట్ల టైములో వెళ్తే పట్టేసుకుంటారు" అన్న భయంలో సగమే నిజం. పట్టుకునేవాళ్లు ఎప్పుడైనా పట్టుకుంటారు. వదిలే తేదీనే ఓట్లు అటూ ఇటూ జరుపుతాయి.

జరిపిన ఉదాహరణలు బోలెడు. 2014 మే 26న నరేంద్ర మోదీ ప్రమాణ స్వీకారానికి నవాజ్ షరీఫ్ వస్తూ, ముందురోజే 151 మంది మత్స్యకారుల్ని వదిలిపెట్టమన్నారు. శ్రీలంక అధ్యక్షుడు రాజపక్స కూడా అదే సందర్భంలో తమ దగ్గరున్న తమిళ మత్స్యకారుల విడుదలకు ఆదేశించారు. 2023 నవంబరులో, దీపావళి ముందు, పాకిస్తాన్ 80 మందిని పంపింది. అప్పుడక్కడ ఉన్నది ఎన్నికలు జరిపించడానికి వచ్చిన ఆపద్ధర్మ ప్రభుత్వం. పోలింగ్ 2024 ఫిబ్రవరి 8న. ఆపద్ధర్మ ప్రభుత్వమైతే ఫైలు కదలదని మనం అనుకుంటాం. ఒక్కోసారి అదే కదిలిస్తుంది, ఎందుకంటే దానికి ఓట్ల బెంగ లేదు.

మూసుకుపోయిన సందర్భాలూ ఉన్నాయి. 2025 ఏప్రిల్ 22న పహల్‌గామ్ దాడి తర్వాత వాఘాకు ఇవతల ఉన్న మన అట్టారీ దగ్గర రాకపోకలు ఆపేశారు. మే నెలలో నాలుగు రోజులు రెండు వైపులా క్షిపణులు, డ్రోన్లు ఎగిరాయి. అంత జరిగాక కూడా జూలై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకున్నాయి. తన దగ్గర 193 మంది మత్స్యకారులు, 53 మంది ఇతర పౌరులు ఉన్నారని పాకిస్తాన్ చెప్పింది. 2008లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఈ జాబితాలు మారాలి. యుద్ధమైనా ఎన్నికలైనా ఆగని పని ఇది. ఇంట్లో మనిషి అక్కడ ఉంటే నాయకుడి ఉపన్యాసం కంటే ఈ రెండు తేదీలు గుర్తుపెట్టుకోవడం మేలు.

టెన్షన్ సమయంలో ఒక ప్రమాదం మాత్రం నిజంగానే పెరుగుతుంది. వేళ్లు ట్రిగ్గర్ మీదే ఉంటాయి. 2021 నవంబరులో ఏ ఎన్నికలూ లేకుండానే గుజరాత్ తీరంలో జల్‌పరి అనే బోటు మీద పాకిస్తాన్ ఏజెన్సీ కాల్పులు జరిపితే మహారాష్ట్రకు చెందిన ఒక మత్స్యకారుడు చనిపోయాడు. గస్తీ ఓడ వెంటపడితే వల కోసుకుని పారిపోవచ్చని కొత్తగా వెళ్లే కుర్రాళ్లు అనుకుంటారు. చాలా ఏళ్లు చేసినవాళ్లు అలా అనరు.

తూర్పున మరో లెక్క

గుజరాత్ వెళ్లకుండా విశాఖ హార్బర్ నుంచి పైకి, అంటే ఒడిశా, బెంగాల్ వైపు వెళ్లే మన బోట్లకు బంగ్లాదేశ్ గీత తగులుతుంది. ఇక్కడ హద్దు తగవు తెగిపోయింది. 2014 జూలై 7న అంతర్జాతీయ ట్రైబ్యునల్ తీర్పు చెప్పింది. తగవులో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు వెళ్లాయి. తాతల నాటి నుంచి వేట చేసిన నీళ్లు కొన్ని ఒక్క రోజులో పరాయివయ్యాయి. ఆ తీర్పు మన రేవుల్లో ఎంతమందికి తెలుగులో చెప్పారో నాకు అనుమానమే.

అక్టోబరులో బంగ్లాదేశ్ విలస వేటను 22 రోజులు ఆపేస్తుంది. మన గోదావరి ఎక్కితే పులస అని పేరు మార్చుకునే చేపే అది. గుడ్లు పెట్టే కాలమని 2025లో అక్టోబరు 4 నుంచి 25 దాకా ఆపారు. వాళ్ల బోట్లన్నీ ఒడ్డున ఉంటాయి, నేవీ గస్తీ పెరుగుతుంది. అలాంటప్పుడు ఆ నీళ్లలో ఏ బోటు కనపడ్డా అది పరాయిదేనని దూరం నుంచే తెలిసిపోతుంది. సరిగ్గా ఆ నెలలోనే విశాఖ నుంచి బయల్దేరిన బోటులోని విజయనగరం జిల్లా మత్స్యకారులు తొమ్మిదిమంది వాళ్ల నేవీకి పట్టుబడ్డారు. 2024 ఆగస్టు 5న షేక్ హసీనా దేశం విడిచి వచ్చేశాక ఢిల్లీ, ఢాకాల మధ్య మాటలు సరిగ్గా లేవు. పైగా 2026 ఫిబ్రవరిలో పోలింగ్ పెట్టుకుని ఆ దేశం అప్పుడు ఎన్నికల వేడిలో ఉంది. వాళ్లను పట్టించింది చేపల నిషేధం. ఇంట్లోవాళ్ల భయమంతా ఎన్నికల గురించి. రెండు క్యాలెండర్లూ ఒకే నెలలో ఒకదానిమీద ఒకటి పడటమంటే ఇదే.

ఇక్కడ కూడా మారకం ఉంది. 2025 జనవరి 5న బంగ్లాదేశ్ మన 95 మందిని పంపింది, మనం వాళ్ల 90 మందిని పంపాం. అంకెలు చూస్తే అర్థమవుతుంది. వాళ్ల జాలర్లు మన జైల్లో లేకపోతే మన వాళ్లకు బేరం బలం తగ్గుతుంది. వినడానికి బాగుండదు గానీ జరుగుతున్నది అదే.

శ్రీలంక వైపు మన వాళ్లు పెద్దగా వెళ్లరు, కాబట్టి ఎక్కువ చెప్పను. 1974లో అటు వెళ్లిన కచ్చతీవు దీవి 2024 ఎన్నికల ముందు మన ప్రచారంలో పెద్ద చర్చయింది. ఓట్లు లెక్కపెట్టారు, చర్చ ఆగింది. గీత ఉన్నచోటే ఉంది. రామేశ్వరం జాలర్లు పట్టుబడుతూనే ఉన్నారు.

చట్టం ఏం చెబుతుంది

సముద్ర చట్టాల ఒప్పందంలో 73వ అధికరణం చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపలు పట్టిన పరాయి బోటును తీరదేశం ఆపొచ్చు, పట్టుకోవచ్చు. కానీ తగిన పూచీకత్తు కడితే బోటునూ మనుషులనూ వెంటనే వదలాలి. రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే జైలు శిక్ష వేయకూడదు. పట్టుకున్న సంగతి వాళ్ల దేశానికి వెంటనే చెప్పాలి. భారత్ 1995లో, పాకిస్తాన్ 1997లో, బంగ్లాదేశ్ 2001లో దీన్ని ఆమోదించాయి.

అయినా జైళ్లు నిండుతూనే ఉన్నాయి. తమ సొంత జలాల్లోకే వచ్చాడని ఒక వాదన. పాస్‌పోర్టు, వీసా లేకుండా దేశంలో అడుగుపెట్టాడని విదేశీయుల చట్టం కింద ఇంకో కేసు. నడిసముద్రంలో ఉన్నవాణ్ణి పట్టుకుని, తామే కరాచీ రేవుకు తీసుకొచ్చి, వీసా ఏదని అడగడం. ఆ చట్టం 1946లో బ్రిటిష్ వాళ్లు చేసింది. విడిపోయాక రెండు దేశాలూ దాన్ని దాచుకున్నాయి. మన దగ్గర 2025లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. మనం కూడా వాళ్ల జాలర్లను అలాగే పెట్టుకుంటాం. 2025 జూలై జాబితాలో మన జైళ్లలో పాకిస్తానీ మత్స్యకారులు 81 మంది.

తుపాకీ వేటగాడు

మన తీరంలో వేట అంటే చేపల వేటే. ప్రపంచంలో చాలాచోట్ల విదేశీ వేట అంటే తుపాకీ పట్టుకుని ఆఫ్రికా వెళ్లడం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఆ సరదా ముగిసింది. టాంజానియా లాంటి చోట్ల లైసెన్సు కట్టి అడవిదున్నను కొట్టే డబ్బున్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ వేటలు మనకెందుకు అనిపించవచ్చు. కానీ పక్కన పెట్టి చూస్తే మన వాడి దగ్గర లేనిదేమిటో కళ్లకు కడుతుంది.

టాంజానియాలో 2025 అక్టోబరు 29న ఎన్నికలు జరిగాయి. ఆ రోజే దారెస్సలామ్‌లో కర్ఫ్యూ పెట్టారు, దేశమంతా ఇంటర్నెట్ పోయింది, వీధుల్లో కాల్పులు జరిగాయి. అది అక్కడ వేట సీజన్ నడుమ. అంతకు ఏడాది ముందు మొజాంబిక్‌లో ఎన్నికల ఫలితం మీద గొడవలు చెలరేగి, దక్షిణాఫ్రికా వైపు ప్రధాన సరిహద్దు గేటు మూతపడింది. అలాంటి చోటికి వెళ్లే వేటగాడికి ముందే అతని దేశపు విదేశాంగ శాఖ హెచ్చరిక వస్తుంది. తీసుకెళ్లే కంపెనీ తేదీలు మారుస్తుంది. బీమా ఉంటుంది. తుపాకీకి పర్మిట్ కాగితం ఉంటుంది, గొడవల రోజుల్లో తుపాకీతో చెక్‌పోస్టు దాటడం ఎంత ప్రమాదమో చెప్పేవాడు పక్కనే ఉంటాడు. మన ఊళ్లోనే ఎన్నికల నోటిఫికేషన్ వస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పగించమంటారు కదా, అలాగే. అన్నింటికంటే ముందు, అతని జేబులో పాస్‌పోర్టు ఉంటుంది.

మన వాడి జేబులో ఏముంది? నలిగిన ఆధార్. అదీ చాలాసార్లు వెరావల్‌లో యజమాని దగ్గరో, గదిలోనో ఉంటుంది.

కాగితం కథ

జైల్లో ఉన్న మనిషి దగ్గరికి మన హైకమిషన్ అధికారి వెళ్తాడు. 2008 ఒప్పందం ప్రకారం పట్టుబడ్డ మూడు నెలల్లోపు ఈ భేటీ జరగాలి. అక్కడ పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, జిల్లా రాసుకుంటారు. ఆ కాగితం ఢిల్లీ వస్తుంది, అక్కణ్ణుంచి రాష్ట్రానికి, జిల్లా పోలీసులకు, స్టేషన్‌కు, చివరికి ఊరికి వస్తుంది. ఊళ్లో ఈ పేరుగలవాడు ఉన్నాడా, ఫొటో ఇతనిదేనా అని తేల్చి మళ్లీ అదే దారిలో పైకి పంపాలి. నిర్ధారణ అయ్యి, శిక్ష కూడా పూర్తయిన నెలలోపు వదిలేయాలని ఒప్పందంలో ఉంది. ఎన్నికల ముందు ఏ రోజు తలుపు తెరుచుకున్నా, ఈ కాగితం అప్పటికి తిరిగి వెళ్లి ఉంటేనే పేరు జాబితాలో ఉంటుంది.

ఈ కాగితం ఎక్కడ తప్పిపోతుందో మా షాపు కౌంటర్ మీదే కనపడుతుంది. ఒకసారి ఒక కుర్రాడు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, మత్స్యకారుల గుర్తింపు కార్డు తెచ్చి మూడింటినీ ఒకే పేజీ మీద తీయమన్నాడు. మెషీన్ మీద పెట్టాక చూశాను. ఒకదాంట్లో ఇంటిపేరు ముందు, ఒకదాంట్లో వెనక, మూడోదాంట్లో ఇంటిపేరే లేదు. అప్పన్న అని ఒకచోట, అప్పారావు అని ఇంకోచోట.

"నీ అసలు పేరేట్రా?"

"ఇంట్లో అప్పడు అంతారండి."

దీనికి తోడు వెరావల్‌లో బోటు కాగితాల్లో ఇతని పేరు రాసేది గుజరాతీ గుమస్తా. ఊళ్లో ఒకే పేరుతో అయిదుగురుంటారు. బోటు గుజరాత్‌ది, మనిషి ఆంధ్రావాడు, ఫైలు ముందు ఏ రాష్ట్రానికి పోవాలన్న దగ్గరే రోజులు గడుస్తాయి. వాఘా ఇవతలికి రాలేక ఆ రోజు ఆగిపోయిన ఇద్దరు నాకు గుర్తొచ్చేది ఇందుకే.

ఆ తర్వాత నుంచి సీజన్‌కు వెళ్లేవాళ్లకు నేను ఒక సెట్టు కట్టి ఇస్తున్నాను. ఆధార్ రెండు వైపులా, మత్స్యశాఖ కార్డు, ఫొటో, వెనక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, జిల్లా, ఇంట్లో ఫోన్ నంబరు. మూడు ప్రతులు. ఒకటి లామినేషన్ చేసి వాడి బ్యాగులో, ఒకటి ఇంట్లో, ఒకటి ఊళ్లో నమ్మకమైన మనిషి దగ్గర. బోటెక్కిన రోజునే బోటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, యజమాని ఫోన్, తండేల్ పేరు ఫొటో తీసి ఇంటికి వాట్సాప్ చేయమంటాను. పట్టుబడ్డారని తెలిసిన రోజు ఇంట్లోవాళ్ల చేతిలో ఈ వివరాలుంటే, జిల్లా మత్స్యశాఖ ఆఫీసులోనూ, ఎస్పీ ఆఫీసులోనూ, విదేశాంగ శాఖవారి మదద్ పోర్టల్లోనూ మొదటి వారంలోనే ఫిర్యాదు పడుతుంది. ఎన్నికల వేళైతే కలెక్టరాఫీసులో సగంమంది ఆ డ్యూటీల్లోనే ఉంటారు. నాయకులు మాత్రం గుమ్మంలోకే వస్తారు. వచ్చిన నాయకుడి చేతిలో కన్నీళ్లతో పాటు ఈ కాగితం కూడా పెట్టాలి. కన్నీళ్లు ఫొటోలో పడతాయి, ఫైల్లోకి వెళ్లేది కాగితమే.

సముద్రం మీద చేయగలిగిందీ కొంత ఉంది. బోటు ఎక్కడుందో ఒడ్డుకు తెలిపే ట్రాన్స్‌పాండర్ ఉందా, ఉంటే వేసి ఉందా అని ఎక్కే ముందే అడగాలి. 2024 ఆగస్టు 30న ప్రధాని పాల్ఘర్‌లో ప్రారంభించిన పథకం కింద లక్ష బోట్లకు ఈ పరికరాలు పెట్టాలని రూ. 364 కోట్లు కేటాయించారు. గీత దగ్గరైతే హెచ్చరిక వస్తుంది, ఒడ్డుకు కబురు పంపొచ్చు. చేప దొరికే చోటు పక్కబోటు వాళ్లకు తెలిసిపోతుందని కొందరు దాన్ని ఆపేస్తారు. ఆపేసే తండేల్ బోటు, ముఖ్యంగా గొడవల రోజుల్లో, ఎక్కకపోవడమే మంచిది. వైర్‌లెస్ సెట్టులో 16వ చానల్, ఫోన్ అందితే కోస్ట్ గార్డ్ 1554. కబురు అందితే ఏమవుతుందో 2024 నవంబరు 17న చూశాం. నో ఫిషింగ్ జోన్ దగ్గర నుంచి ఒక బోటు ఆపదలో పిలిచింది. ఇంకో బోటు వాళ్లను పాకిస్తాన్ ఓడ ఎత్తుకుపోతోందని చెప్పింది. మన కోస్ట్ గార్డ్ ఓడ వెంటపడి, ఆ ఓడను అడ్డగించి, ఏడుగురినీ వెనక్కి తెచ్చింది. వాళ్ల బోటు కాలభైరవ్ మునిగిపోయింది, మనుషులు మాత్రం దక్కారు. ఆ ఏడుగురికీ జైలు లేదు, జాబితా లేదు, ఎవరి ఎన్నికల కోసమూ ఎదురుచూపు లేదు.

ఇంకో మాట. మత్స్యకారుల ప్రమాద బీమా ఉంది, చనిపోతే ఐదు లక్షలు. జైలు రోజులు దాని కిందకు రావు. మన దగ్గరే రేవులుంటే ఇంత దూరం పోయేవాళ్లమా అని షాపులో ప్రతివాడూ అంటాడు. జిల్లాకు 193 కిలోమీటర్ల తీరముంది, పెద్ద బోటు నిలపడానికి చోటు లేదు. 2025 ఏప్రిల్ 26న ముఖ్యమంత్రి చంద్రబాబు బుడగట్లపాలెం వచ్చి వేట నిషేధ కాలానికి ఇచ్చే సాయాన్ని పది వేల నుంచి ఇరవై వేలు చేశారు. ఆ డబ్బు 61 రోజులకు. మిగతా పది నెలలు వెరావల్ రైలే దిక్కు.

మొన్న జూలైలో ఆ తాత మళ్లీ వచ్చాడు. వేట మానేసి మూడేళ్లయిందట. ఇప్పుడు మనవడు వెళ్తున్నాడు. కుర్రాడు ఫోన్ చూసుకుంటూ పక్కన నిలబడితే, సెట్టు కట్టించడానికి ముసలాయనే కౌంటర్ దగ్గరికి వచ్చాడు.

"ఈపాలి ఎక్కడ ఓట్లున్నాయి బాబూ?"

నేను ఈసారి నవ్వలేదు. కుర్రాడి మూడు కార్డులూ గ్లాసు మీద వరసగా పెట్టి, ముందు పేర్లు చదివాను. రెండింట్లో సరిపోయాయి. మూడోదాంట్లో తండ్రి పేరు ఒక అక్షరం తేడా ఉంది.

"ఓట్లు తర్వాత చూద్దాం తాతా. రైలెప్పుడు?"

"ఎల్లుండి."

"అయితే రేపు పొద్దున్నే మీ సేవకి పంపు. ఈ అక్షరం దిద్దించడానికి అర్జీ పెట్టి, రసీదు తెమ్మను. సెట్టు అప్పుడు కడతాను."